రెండో బంతి ఎక్కిళ్ళు

సోమవారం

వరాలూ, ఎలా ఉన్నావే. నువ్వు బండెక్కి ఐదో గుంటకి వెళ్ళి పంతొమ్మిది రోజులైంది. ఒక్క ముక్క రాయలేదని తిట్టుకుంటూనే ఉంటావు. తిట్టుకో, తప్పు నాదే. రాద్దామని కూచున్న ప్రతిసారీ ఎవరో ఒకరు ఎక్కిళ్ళు పెట్టుకుంటూ నా సోడా బండి దగ్గరికి ఎగిరొచ్చేవారు. మాటవరసకి అనట్లేదు, నిజంగానే ఎగిరొచ్చేవారు. మనకి ఇక్కడ చందమామ మీద బరువు ఆరో వంతే కదా, గట్టి ఎక్కిలి ఒకటి తగిలితే మనిషి మూరెడు లేస్తున్నాడు.

ఇవాళ యాంటెన్నా మీవైపు తిరిగి వెళ్ళిపోయింది, నేను చూసుకోలేదు. మళ్ళీ వచ్చే సోమవారమే. అందుకని రోజుకో ముక్క రాసిపెట్టి అన్నీ కలిపి ఒకేసారి పంపుతా.

సంగతేంటంటే, మన మూడో గుంటకి ఎక్కిళ్ళ జబ్బు పట్టింది. నువ్వు బుధవారం వెళ్ళావా, గురువారం మధ్యాహ్నం మొదలు. ముందు అందరూ సంబరపడ్డారు. ఎక్కిలి వస్తే ఎవరో తలుచుకుంటున్నట్టే కదా. నాలుగు రోజులు గుంటంతా పండగే. పెద్ద కిటికీ దగ్గర వరసగా నిలబడి, నల్లటి ఆకాశంలో నీలం గోలీలాగా కనపడే మన ఊరికేసి చూస్తూ, మా అత్తా, మా చెల్లెలా, మా పక్కింటి సుబ్బమ్మా అని పేర్లు చెప్పుకునేవాళ్ళు. ఏ పేరుకి ఆగితే వాళ్ళు అంతదూరం నించి తలుచుకున్నట్టు. పంపుల లక్ష్మణ్‌కి ఎన్ని పేర్లు చెప్పినా ఆగకుండా, రాణి అనగానే టక్కున ఆగింది. వాళ్ళావిడ పేరు భార్గవి. ఆ అమ్మాయి ఇప్పటికీ రాత్రిళ్ళు అతనికి గిన్నె నిండా పెట్టట్లేదు.

ఐదో రోజున మన గుంట పెద్ద సన్యాసిరావుగారు మైకులో నీళ్ళ గురించి చెబుతూ చెబుతూ ఎక్కిలి పెట్టి, ఎగిరి, నెత్తి దీపానికి కొట్టుకున్నారు. దాంతో పండగ కాస్తా జబ్బయింది. ఇంక చూస్కో. ఎక్కిళ్ళు వచ్చినవాళ్ళందరూ సోడా తాగుతున్నారని ఎవరో అన్నారు. సోడాలో గ్యాసుంది, ఎక్కిలి అంటే గ్యాసే అని ఇంకెవరో అన్నారు. ఇవాళ పొద్దున్న సన్యాసిరావుగారు బండి దగ్గరికొచ్చి చెప్పేశారు. ఆదివారం విచారణంట. తప్పు సోడాదే అని తేలితే మిషనుకి సీలు, నా గ్యాసు బుడ్డి గుంట ఖజానాకి. అది తేలేదాకా గుంటల మధ్య బండి కూడా తిరగదు, ఐదో గుంటకి అంటుకుంటుందని భయం.

ఆ మిషను నేనెలా తెచ్చుకున్నానో నీకు తెలుసు కదా. బట్టలు రెండే పెట్టుకుని, దాన్ని ఒళ్ళో కూచోబెట్టుకుని మూడు రోజులు రాకెట్లో కూచున్నా. అది పోతే నాకిక్కడ పనేముంది చెప్పు, నాచు తొట్లు కడుక్కోవడం తప్ప.

సరేలే. మధ్యాహ్నం భోజనాల మొదటి బంతిలో నువ్వు హెల్మెట్ లోపల తుమ్మిన కథ చెప్పా. ఆ పెద్దాఫీసరు ముందు అద్దంలోంచి ఏమీ కనపడక గోడకి దణ్ణం పెట్టావు చూడు, అది. నవ్వి నవ్వి ఒక్కరూ లేవలేదు. నువ్వు లేకపోయినా నీ కథలున్నాయి, అన్నం దిగుతోంది.

మంగళవారం

డాక్టర్ కెజియా గుర్తుందా? నువ్వెళ్ళే ముందు వారమే దిగింది. స్టెతస్కోపు లేకుండా, మెళ్ళో పెన్ను వేలాడేసుకుని తిరుగుతుంది. గుంటలో ఎవరికీ ఆవిడ మీద గురి లేదు. సూదీ ఇవ్వదు, బిళ్ళా ఇవ్వదు, అన్నీ ప్రశ్నలే. నేనొకసారి నడుం నొప్పని వెళితే నాకు మందివ్వకుండా గుంటలో ఎంతమందికి నడుం నొప్పుందో కనుక్కుని, మేమందరం నీళ్ళు పట్టుకునే పంపుల దగ్గర బల్ల ఎత్తు పెంచి పోయింది. నడుం నొప్పి తగ్గిందనుకో, అది వేరే సంగతి.

ఇవాళ పొద్దున్నే బండి దగ్గరికొచ్చి ఉప్పు సోడా అడిగింది. నేను కొట్టిచ్చా. నురగ మెల్లగా పైకి లేచి ఉండలా తేలుతుంటే దాన్నే చూస్తూ, "పేరంటాలు గారూ, నా పేషెంటు మీరు కాదండి, సన్యాసిరావుగారూ కాదు. గుంట మొత్తం ఒక పేషెంటు" అంది.

"గుంటకి నాలిక చాపమని చెబుతారా అమ్మా?" అన్నా.

"అంతేనండి. ఎవరికి వచ్చింది, ఎక్కడ వచ్చింది, ఎప్పుడు వచ్చింది. ఈ మూడూ కనుక్కుంటే నాలిక చాపినట్టే."

ముందు అసలు ఎక్కిళ్ళ జబ్బంటే ఏంటో తేల్చాలంది. తెలీకపోవడమేంటి అనుకున్నా. ఆవిడ అన్నదీ నిజమే. ఒకసారి వచ్చి పోయినవాణ్ణి లెక్కేస్తావా? ముక్కు చీదినవాణ్ణి? అందుకని ఆవిడ రూలు పెట్టింది. నిమిషానికి నాలుగు ఎక్కిళ్ళు, పావుగంట పాటు, ఇద్దరు సాక్షులు. అవి ఉంటేనే పేరు రాస్తుంది.

ఈ రూలుకి బలైపోయింది మన బంగారయ్య బాబాయి. గొట్టాలు బాగుచేసి రిటైరయిన పెద్దాయన, పాపం ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. అందరికీ వస్తుంటే తనకి రాలేదని, వారం నించీ కిటికీ దగ్గర దొంగ ఎక్కిళ్ళు పెడుతున్నాడు. డాక్టరమ్మ ఎదురుగా నిలబడి, "హిక్. హిక్. రాయమ్మా" అన్నాడు.

ఆవిడ గడియారం చూసుకుంటూ నిలబడింది. నిమిషం కాగానే, "బాబాయిగారూ, మీరు ఎగరట్లేదు" అంది.

"బరువైన మనిషిని కదా."

"మీరు యాభై కేజీలు. ఇక్కడ ఎనిమిది."

బాబాయి నాకేసి తిరిగి, "అమ్మాయ్, నన్ను తలుచుకునేవాళ్ళు లేరనే కదా ఈ డాక్టరు ఉద్దేశం" అని వెళ్ళిపోయాడు. డాక్టరమ్మ మొహం చిన్నబోయింది. కానీ రాయలేదు. "ఆయన్ని రాస్తే రేపు అందర్నీ రాయాలండి. అప్పుడు జబ్బెక్కడుందో కనపడదు" అంది. నాకు కొంచెం కోపమొచ్చింది, కొంచెం మర్యాద కూడా కలిగింది.

బుధవారం

రెండు రోజుల్లో గడప గడపా ఎక్కి రెండొందల మందిని అడిగేసిందే ఆవిడ. పాలు తాగే పసిపిల్లలు పన్నెండు మందిని వదిలేసింది. ఎక్కిళ్ళు వచ్చినవాళ్ళు అరవై ఐదుమంది తేలారు.

నాకు పనేం లేదు కదా, పలక పట్టుకుని వెనకాలే తిరిగా. సోడా తాగేవాళ్ళు తగ్గిపోయారు. నన్ను చూసి పక్కకి జరిగేవాళ్ళు కూడా ఉన్నారు.

అంటుకునే జబ్బేమో అని ముందు అది చూసింది. లక్ష్మణ్ ఇంటికెళ్ళాం. ఆ ఇద్దరికీ కలిపి ఒక్క మంచం, మూరన్నర వెడల్పు. లక్ష్మణ్‌కి దాదాపు రోజూ ఎక్కిళ్ళు. భార్గవికి ఒక్కసారి కూడా రాలేదు.

"ఒకే గ్లాసులో తాగుతారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"రాణి సంగతి తేలేదాకా అన్నీ వేరేనండి" అంది భార్గవి.

"అంతకుముందు?"

"అంతకుముందు ఒకే గ్లాసు, ఒకే దుప్పటి. అప్పుడూ నాకు రాలేదండి."

ఇలాంటి ఇళ్ళు ఇంకా చాలా దొరికాయి. అంటుకునేదయితే ఇంట్లోవాళ్ళకే ముందు అంటుకోవాలి కదా, అంటుకోలేదు. సరే, ఇది అంటురోగం కాదు అని కొట్టేసింది.

అప్పుడు సన్యాసిరావుగారు దొరికారు. "ఏముందమ్మా లెక్కెట్టడానికి, అరవై ఐదుగురిలో నలభై తొమ్మిది మంది, హిక్, సోడా తాగేవాళ్ళే" అన్నారు, ఒక చేత్తో నెత్తి మీద గిన్నె పట్టుకుని. దీపం దెబ్బ తర్వాత గిన్నె లేకుండా బయటికి రావట్లేదు.

"ఎక్కిళ్ళు రానివాళ్ళలో ఎంతమంది తాగుతారండి?" అంది ఆవిడ.

"రానివాళ్ళతో మనకేం పని?"

"వాళ్ళతోనే పనండి. ఎక్కిళ్ళు వచ్చిన అరవై ఐదుమందికీ ముక్కుంది. ముక్కు వల్ల వచ్చాయందామా?"

నాకు భలే నచ్చింది ఆ మాట. మా డాక్టరమ్మ గెలిచేసిందనుకున్నా. సాయంత్రం కూచుని లెక్కేస్తే ఏం తేలిందో తెలుసా? సోడా తాగేవాళ్ళు వందమంది, అందులో నలభై తొమ్మిది మందికి ఎక్కిళ్ళు. తాగనివాళ్ళు వందమంది, అందులో పదహారు మందికే. మూడింతలు.

"ఇదేంటమ్మా" అన్నా.

ఆవిడ లెక్క మళ్ళీ మొదట్నించీ వేసి చూసింది. "పేరంటాలు గారూ, నేను అబద్ధం రాయలేనండి" అంది.

నేను రాయమనలేదు వరాలూ. కానీ ఇంటికొచ్చి మిషను తుడుచుకుంటూ కూచున్నా.

గురువారం

డాక్టరమ్మ పొద్దున్నే మళ్ళీ వచ్చింది. ఒక ప్రశ్న మర్చిపోయిందంట. సోడా ముందా, ఎక్కిళ్ళు ముందా.

నాకు తట్టనే లేదు చూడు. జనం నా దగ్గరికి ఎందుకొస్తున్నారు? వంటశాల గుమ్మం పక్కనే నా బండి. అన్నం తింటుంటే ఎక్కిళ్ళు పట్టుకుంటాయి, ఎగురుకుంటూ వచ్చి, "పేరంటాలూ, ఒకటి కొట్టు, ఆగట్లేదు" అంటారు. మందుకోసం వచ్చినవాళ్ళని చూపించి మందువల్లే జబ్బు అంటే ఎట్లా? ఆసుపత్రిలో రోగులెక్కువున్నారని ఆసుపత్రికి సీలేస్తారా?

ఇద్దరం మళ్ళీ తిరిగాం. కానీ గుంటంతా నా సోడా మాటే నడుస్తోంది కదా, అందరికీ సోడా ముందే గుర్తొస్తోంది. వాటర్ ట్యాంకు సోములు, "ముందు సోడానే తాగానండి, నిమ్మ సోడా, ఒక గింజ కూడా పడింది" అన్నాడు. అతను నిమ్మ సోడా తాగడు వరాలూ, పులుపు పడదు అతనికి. డాక్టరమ్మ అంది, ఎక్కిళ్ళు వచ్చినవాడు వారం కిందటి సోడాని కూడా తవ్వి తీస్తాడు, రానివాడికి నిన్నటి కూర కూడా గుర్తుండదు, అందుకని ఈ జ్ఞాపకాలతో తేలదు అని.

ఇంక మధ్యాహ్నం బంతిలో దిగులుగా కూచుంటే అందరూ, "ఏంటి పేరంటాలూ, ఇవాళ వరాలు కథ లేదా" అన్నారు. పోనీలే అని, నువ్వు మార్కెట్లో గాల్లోకి ఎగిరిపోయిన కోడిని పట్టుకోబోయి నువ్వే కప్పుకి అతుక్కుపోయిన కథ ఎత్తుకున్నా. కోడి దిగొచ్చి నీ బుట్టలో కూచుందని చెప్పేసరికి దిగులు పోయింది. జనం మజ్జిగ మీద మజ్జిగ పోయించుకుంటూ విన్నారు.

శుక్రవారం

డాక్టరమ్మ వచ్చి, "మీ దగ్గర విడి గోలీలెన్నుంటాయండి?" అంది.

రెండొందలు పైనే ఉంటాయన్నా. ఆకుపచ్చవి అరవై ఐదు, తెల్లవి నూటముప్ఫై ఐదు అడిగింది. ఎక్కిళ్ళు వచ్చినవాళ్ళు పచ్చ, రానివాళ్ళు తెలుపు. రెండు కంచాల్లో పోసింది, సోడా తాగేవాళ్ళొక కంచం, తాగనివాళ్ళొక కంచం. తాగేవాళ్ళ కంచం పచ్చగా నిగనిగలాడింది. నా ప్రాణం ఉసూరుమంది.

"ఇప్పుడు ఇంకోలా పోద్దాం" అని, నా నించి ఇంకో రెండు కంచాలు లాక్కుంది. "లక్ష్మణ్‌కి వచ్చి భార్గవికి రాలేదు. ఒకే మంచం, ఒకే గ్లాసు. వాళ్ళిద్దరికీ తేడా ఏంటండి?"

"రాణి" అన్నా.

"అది కాకుండా."

ఆలోచించా. లక్ష్మణ్ పంపు డ్యూటీ, రెండో బంతిలో తింటాడు. భార్గవి నాతోపాటు మొదటి బంతి.

అప్పుడావిడ జాబితా చూసుకుంటూ ఒక్కో గోలీ తీసి కంచాలు మార్చింది. మొదటి బంతి వందమంది, రెండో బంతి వందమంది. రెండో బంతిలో సోడా తాగేవాళ్ళు ఎనభై, అందులో నలభై ఎనిమిది పచ్చ. తాగనివాళ్ళు ఇరవై, అందులో పన్నెండు పచ్చ.

"వందకి ఎంతెంతండి?" అంది.

వేళ్ళ మీద లెక్కేశా. అరవై. రెండోదీ అరవై. తాగినా అరవయ్యే, తాగకపోయినా అరవయ్యే.

మొదటి బంతిలో తాగేవాళ్ళు ఇరవైలో ఒక్కటే పచ్చ, తాగనివాళ్ళు ఎనభైలో నాలుగు. తాగినా వందకి ఐదు, తాగకపోయినా వందకి ఐదు.

కుర్చీలోంచి లేచేసరికి నేనే మూరెడెగిరా, ఎక్కిలి లేకుండానే. నా సోడా తప్పు కాదే వరాలూ. రెండో బంతివాళ్ళకే ఎక్కిళ్ళు, రెండో బంతివాళ్ళే నా దగ్గర ఎక్కువగా సోడా తాగేది, అందుకని సోడా మీద పడ్డారు. వాళ్ళెందుకు సోడా తాగుతున్నారంటే, వాళ్ళ వంతు వచ్చేసరికి మజ్జిగ గంగాళం ఖాళీ.

పరిగెత్తి సన్యాసిరావుగారిని తీసుకొచ్చా. ఆయన కంచాలకేసి చూసి, "రెండు బంతులకీ ఒకే వంట, ఒకే గరిటె. మరి రెండో బంతికే ఎందుకు, హిక్" అన్నారు. ఆ ఎక్కిలికి బల్ల కదిలి గోలీలన్నీ మెల్లగా గాల్లోకి లేచాయి. ముగ్గురం పట్టుకునేసరికి అరగంట పట్టింది. "ఎందుకో చెప్పలేకపోతే సీలు తప్పదు. నేను జనానికి ఏదో ఒకటి చూపించాలమ్మా" అని వెళ్ళిపోయారు.

శనివారం

ఇవాళ నాకు ఉపవాసం కదా, బంతికి వెళ్ళలేదు. బండి దగ్గరే ఉన్నా. డాక్టరమ్మ వంటశాల గోడ మీద సుద్దముక్కతో బొమ్మ గీసింది. నువ్వెళ్ళిన మర్నాటి నించీ రోజుకో నిలువు గీత. ఎంతమంది ఎక్కిళ్ళు పెడితే అంత పొడుగు. మధ్యలో మూడుచోట్ల గీతే లేదు.

మూడూ శనివారాలే. సాయంత్రానికి నాలుగయ్యాయి, ఇవాళా ఎవరికీ రాలేదు.

బంగారయ్య బాబాయి గోడకి దణ్ణం పెట్టి, "వెంకన్న దయ. శనివారం ఆయనే ఆపుతున్నాడు" అన్నాడు.

"కావచ్చు బాబాయిగారూ. కానీ వరాలు వెళ్ళే ముందు, అంటే వరహాలు గారు వెళ్ళే ముందు, మామూలు రోజుల్లో కూడా రాలేదు కదా" అని డాక్టరమ్మ నాలిక కరుచుకుంది. నేను పొద్దస్తమానూ నీ పేరు జపం చేస్తుంటే ఆవిడకీ అంటుకుంది. "ఆ బుధవారం గుంటలో ఏం మారిందో ఎవరైనా చెప్పగలరా?"

ఏం మారలేదన్నారు అందరూ. బియ్యం అదే, నీళ్ళు అవే, గాలి అదే. వరాలు వెళ్ళిపోయింది అంతే అన్నా.

"మరి శనివారం ఏం మారుతుంది?"

"ఏముందండి, నేను ఉపవాసం, బంతికి రాను. సోడా అయితే శనివారమే ఎక్కువ పోతుంది, ఉపవాసాలవాళ్ళు తాగుతారు కదా" అన్నా.

ఆవిడ సుద్దముక్క పట్టుకుని నాకేసి అలాగే చూసింది. మొహమ్మీద ఏదైనా అంటిందేమో అని తుడుచుకున్నా.

"ఏంటమ్మా?"

"ఏం లేదండి. రేపు బంతిలో మీ పక్కన కూచుంటా" అంది.

నాకు సంతోషమేసింది. మంచి కథ చెప్పాలి ఆవిడకి.

ఆదివారం

గాలి గోడకి చిల్లు పడితే నువ్వు జంతికల పిండితో పూడ్చావు చూడు, ఆ కథ చెప్పా. మూడు రోజుల తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చి, ఇది ఏ కంపెనీ జిగురు అని అడిగి, గోకి నోట్లో వేసుకుని, వాము తగిలిందన్నాడు కదా. డాక్టరమ్మ పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే మధ్య మధ్య గడియారం చూసుకుంటోంది. పనేదో ఉందేమో అనుకున్నా.

తర్వాత విచారణ. గుంటంతా వంటశాలలోనే. సన్యాసిరావుగారు గిన్నె పెట్టుకుని కూచున్నారు, సీలు లక్క ముందర పెట్టుకున్నారు.

డాక్టరమ్మ లేచింది. "వంటశాల దీపం గంటే వెలుగుతుంది. బంతికి అరగంట చొప్పున. నిన్న శనివారం మొదటి బంతి ఇరవై ఎనిమిది నిమిషాల్లో లేచింది. ఇవాళ నలభై ఆరు నిమిషాలకి లేచింది. అంటే రెండో బంతికి మిగిలింది పద్నాలుగు నిమిషాలు. వేడి పప్పన్నం పద్నాలుగు నిమిషాల్లో కుక్కుకుంటే అన్నంతోపాటు గాలీ దిగుతుంది. దిగిన గాలి ఎక్కిళ్ళుగా పైకొస్తుంది. మజ్జిగైనా ఉంటే కొంచెం నయం, అది మొదటి బంతే తాగేస్తోంది."

"మొదటి బంతి ఎందుకు లేవట్లేదు?" అన్నారు సన్యాసిరావుగారు.

ఆవిడ గొంతు తగ్గించి, "కథలు వింటున్నారండి" అంది.

రెండొందల తలలు నాకేసి తిరిగాయి.

వరాలూ, నాకప్పటికి గానీ వెలగలేదు. నువ్వున్నప్పుడు నువ్వూ నేనూ బండి దగ్గర గుసగుసలాడుకునేవాళ్ళం, బంతిలో గమ్మున తిని లేచేవాళ్ళం. నువ్వెళ్ళిపోయాక నాకు తోచక నీ కథలన్నీ బంతిలో పెట్టా. నువ్వెళ్ళిన మర్నాడే మొదలు. శనివారం నేనుండను, కథ ఉండదు, ఎక్కిళ్ళుండవు.

"తప్పు మీ సోడాది కాదు పేరంటాలు గారూ. మీ నోటిది" అంది డాక్టరమ్మ, చాలా మర్యాదగా.

రెండో బంతివాళ్ళు లేచారు. అందరికంటే ముందు లక్ష్మణ్. "అంటే ఇన్నాళ్ళూ వీళ్ళు కూచుని కథలు విన్నారా? మాకు కథా లేదు, మజ్జిగా లేదు, ఎక్కిళ్ళు మాత్రం మాకా? ఆ రాణి గొడవ కూడా దీనివల్లేనా?"

"రాణి గొడవ వేరే" అంది భార్గవి.

సన్యాసిరావుగారికి నమ్మకం కుదర్లేదు. "ఒక మనిషి మాట్లాడితే ఇంకో మనిషికి ఎక్కిళ్ళొస్తాయా? నేను వినలేదమ్మా ఎక్కడా."

"చూద్దామండి. రేపు పేరంటాలు గారు బంతిలో ఒక్క మాట మాట్లాడరు. మిగతావన్నీ మామూలే. సోడా కూడా అమ్ముతారు, కావాలంటే అందరికీ తాగించండి."

"రేపు రెండో బంతిలో ఒక్కరికొచ్చినా సీలు వేసేస్తా" అన్నారాయన.

అందరూ నన్ను నమ్మట్లేదు వరాలూ. ఎక్కిళ్ళ సంగతి కాదు. నేను మాట్లాడకుండా ఉండగలనని నమ్మట్లేదు.

సోమవారం

యాంటెన్నాకి ఇంకా గంటన్నర ఉంది, గబగబా చెప్పేస్తా.

పొద్దున్నించే నోట్లో లవంగం పెట్టుకున్నా. బంతిలో కూచున్నా. డాక్టరమ్మ ఎదురుగా. మొదటి ముద్దకే, వడ్డించే ఆవిడ జారి, పప్పు గరిటె గాల్లో తేలుతూ వెళ్ళి సరిగ్గా బంగారయ్య బాబాయి జేబులో దిగింది. వరాలూ, దాని మీద నాలుగు కథలున్నాయి నా దగ్గర. నాలుగూ నీవే. గొంతుదాకా వచ్చాయి. రెండు చేతులతో నోరు మూసుకున్నా. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. పక్కనావిడ వీపు నిమిరింది, కారమేమో అనుకుని.

ఇరవై తొమ్మిది నిమిషాలకి లేచాం. గంగాళంలో సగం మజ్జిగ మిగిలింది.

గుమ్మం దగ్గర నిలబడి రెండో బంతి చూశా. ముప్ఫై ఒక్క నిమిషాలు వాళ్ళకి. మెల్లగా తిన్నారు. మజ్జిగ చూసి కొందరు దాన్ని గుర్తుపట్టలేదు. సన్యాసిరావుగారు పంతానికి మధ్యలో రెండు సోడాలు తెప్పించుకుని తాగారు. దీపం ఆరింది. ఒక్కరూ ఎగరలేదు.

ఆయన గిన్నె తీసి పక్కన పెట్టారు. లక్క ముద్ద జేబులో వేసుకుని నా దగ్గరికొచ్చి, "అమ్మా, ఆ ఇన్‌స్పెక్టరు వాము తగిలిందన్నాక ఏమైంది? భార్గవి చెప్పబోయి మర్చిపోయింది" అన్నారు.

ఒక్క రోజుతో తేలదండి, వారం రోజులు చూడాలి అని డాక్టరమ్మ అంటూనే ఉంది, ఎవరూ వినలేదు. సీలు లేదు, రేపటి నించి గుంటల బండి తిరుగుతుంది. కథలు ఇంక బంతిలో కాదు, రెండు బంతులూ అయ్యాక నా బండి దగ్గర, అందరికీ కలిపి. వినడానికొచ్చినవాళ్ళు ఊరికే నిలబడరు కదా, ఇవాళే గోలీలు చాల్లేదు.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతా. అందరూ బండి చుట్టూ ఉండగా బంగారయ్య బాబాయి ఎగిరాడు. ఒకటి కాదు, గట్టిగా. మొహం చూస్తే ఆయనకే అర్థం కాలేదు. డాక్టరమ్మ గడియారం తీసింది. నిమిషానికి ఐదు. పావుగంట కదలకుండా నిలబడి లెక్కపెట్టింది. సాక్షులు ఇద్దరు కాదు, నూటయాభై మంది. "మొదటి బంతిలో వందకి ఐదుగురికి ఎప్పుడూ ఉండేదేనండి" అని నాతో మెల్లగా అని, కాగితం తీసి పెద్ద అక్షరాలతో బంగారయ్య అని రాసి ఆయనకి చూపించింది.

బాబాయి ఎగురుతూనే పేర్లు మొదలెట్టాడు. వాళ్ళమ్మ, వాళ్ళన్న, చిన్నప్పటి మేస్టారు. అందరూ పోయినవాళ్ళే, ఆగలేదు. పేర్లయిపోయి నాకేసి చూశాడు. నేను ఊరుకోలేక, "వరాలు" అన్నా.

ఆగిపోయింది.

వీళ్ళందరూ నిన్నే తలుచుకుంటుంటే ఎక్కిళ్ళు నీకు రావాలి గానీ వీళ్ళకొచ్చాయి, అదీ మా గుంట తెలివి. కానీ నిజం చెప్పు, ఇవాళ మధ్యాహ్నం దీపం ఆరాక నువ్వు బంగారయ్య బాబాయిని తలుచుకున్నావా? తలుచుకోకపోయినా తలుచుకున్నానని ఒక ముక్క రాయి, ఆయన కిటికీ దగ్గర నించి కదలట్లేదు. డాక్టరమ్మ లెక్కలోకి అది రాదులే.

నీ కథలు ఇంక మూడే మిగిలాయి, అవి ఈ వారానికే సరిపోతాయి. గుంటల బండి రేపే తిరుగుతుంది. నువ్వొస్తావా, నన్ను రమ్మంటావా? ఎప్పుడు కలుద్దాం చెప్పవే.